మన్యం నుంచి సముద్రానికి: అరకు, లంబసింగి, మారేడుమిల్లి దారుల్లో ఏది ఎవరికి తగినది

ఉత్తర కోస్తాలో తూర్పు కనుమలు బంగాళాఖాతానికి ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఉదయం కాఫీ తోటల మధ్య పొగమంచులో బయలుదేరిన కారు మధ్యాహ్నానికల్లా తాటిచెట్ల నీడలోకి, సాయంత్రానికి ఇసుక తిన్నెల దగ్గరకు చేరుకోగలదు. ఒకే రోజులో ఇన్ని రకాల నేలను, గాలిని, పంటను చూపించే ప్రయాణం మన రాష్ట్రాల్లో అరుదు. అయినా ఎక్కువ మంది విశాఖపట్నం నుంచి అరకు వెళ్లి, అదే దారిన అదే రాత్రి తిరిగి వచ్చి, కొండను చూశామనుకుంటారు. ఈ ప్రయాణాన్ని కొండ నుంచి సముద్రం వైపు దిగే దారిగా భావించి, ఏ ఘాట్ గుండా దిగాలి, దిగిన తరువాత ఏ తీరంలో రాత్రి బస చేయాలి అన్న రెండు ప్రశ్నలను కలిపి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం. కొండ మీది ఆకర్షణలను బట్టి మాత్రమే దారిని ఎంచుకున్నవారికి ఘాట్ అడుగు నుంచి తీరం దాకా ఉండే మైదానం ఒక విసుగుగా మిగిలిపోతుంది. నిజానికి ప్రయాణపు రుచిలో సగం ఆ మైదానంలోనే ఉంది.

పోల్చదగిన దారులు ప్రధానంగా మూడు. మొదటిది అరకు నుంచి అనంతగిరి, శృంగవరపుకోట మీదుగా భీమునిపట్నం (భీమిలి) చేరేది. రెండవది చింతపల్లి, లంబసింగి నుంచి నర్సీపట్నం మీదుగా రేవుపోలవరం తీరానికి దిగేది. మూడవది మారేడుమిల్లి నుంచి రంపచోడవరం, గోకవరం మీదుగా కాకినాడ, ఉప్పాడలకు వెళ్లేది. ఒడిశాలోని కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు, విజయనగరం వచ్చే జాతీయ రహదారి కూడా అందమైనదే. కానీ దాని మీద సరుకు లారీల రద్దీ ఎక్కువ కాబట్టి, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల వైపు నుంచి వచ్చేవారు తప్ప తక్కినవారు ప్రత్యేకంగా దానిని వెతుక్కుంటూ పోవలసిన అవసరం లేదు.

గోస్తని వెంట అరకు నుంచి భీమిలికి

అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి విశాఖపట్నం దాదాపు 115 కిలోమీటర్లు. ఈ దారిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది గోస్తనీ నది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల సున్నపురాయిని తొలుచుకుంటూ పారి, తాటిపూడి జలాశయంలో నిలిచి, జామి, పద్మనాభం ప్రాంతాల పొలాలను తాకి, తగరపువలస దగ్గర జాతీయ రహదారి కింద నుంచి వెళ్లి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. ఒక నది పుట్టిన కొండల నుంచి అది సముద్రంలో కలిసే మొగ వరకు ఒక్క పగటిలో కారులో వెంట వెళ్లగలిగే అవకాశం అరుదైనది. అందుచేత ఈ దారిన వెళ్లేవారు శృంగవరపుకోట నుంచి నేరుగా కొత్తవలస, పెందుర్తి మీదుగా నగరంలోకి ప్రవేశించకుండా, జామి, పద్మనాభం వైపు తిరిగి భీమిలి చేరాలని సలహా ఇస్తాను. పెందుర్తి దారిలో నగర శివారు రద్దీ తప్ప చూడవలసినదేమీ పెద్దగా లేదు.

అరకు నుంచి బయలుదేరిన తరువాత సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటలు రోడ్డుకు ఇరువైపులా కనిపిస్తాయి. పొడవైన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉంటాయి, వాటి నీడలో కాఫీ మొక్కలు పెరుగుతాయి. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. నవంబరు నుంచి ఎర్రని పండ్లను కోస్తూ ఉంటారు. వేసవి ఆరంభంలో ఒక వాన పడిన తరువాత వెళ్లినవారికి తెల్లని కాఫీ పూలు, మల్లెలను తలపించే వాటి పరిమళం దొరుకుతాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో లోయ అంతటా వలిసె పూలు పసుపు పరుస్తాయి. ఆ చేలు రైతుల పంట పొలాలు. ఫొటో కోసం లోపలికి దిగేవారు ముందుగా అనుమతి అడగడం, అడిగిన కొద్దిపాటి రుసుము చెల్లించడం కనీస మర్యాద.

గాలికొండ వ్యూ పాయింట్ దాటిన తరువాత దిగుడు తీవ్రమవుతుంది. బొర్రా గుహలకు ప్రధాన రహదారిని విడిచి పక్కకు దిగాలి. గుహల్లో మెట్లు చాలా ఉంటాయి కనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దలను లోపలి చివరి వరకు తీసుకెళ్లాలని పట్టుబట్టకూడదు. పై భాగంలోని విశాలమైన గది ఒక్కటి చూసినా చాలు. గుహలు చూడాలనుకుంటే ఉదయం పూట ముందుగా చేరుకోవడం ముఖ్యం, ఎందుకంటే విశాఖ నుంచి రైలులోను, బస్సుల్లోను వచ్చే జనం పదకొండు గంటల తరువాత ఒక్కసారిగా పెరుగుతారు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఈ కొండల గుండానే వెళుతుంది. అద్దాల బోగీ ప్రయాణం కావాలనుకునే కుటుంబాలు ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు అద్దె కారు అన్న పద్ధతిని పాటిస్తే రెండు అనుభవాలూ దక్కుతాయి.

మైదానంలో తాటిపూడి జలాశయం దగ్గర కొంతసేపు ఆగవచ్చు. వెనుక కొండలు, ముందు నీరు ఉండే ఆ చోటు నుంచి చూస్తే తాము దిగివచ్చిన ఎత్తు ఎంతో ప్రయాణికులకు అర్థమవుతుంది. పద్మనాభం కొండ మీద అనంత పద్మనాభస్వామి ఆలయం ఉంది. ఆ ఊరి దగ్గరే 1794 జులై 10న జరిగిన యుద్ధంలో విజయనగరం సంస్థాన ప్రభువు రెండవ విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి మరణించారు. భీమునిపట్నంలో 17వ శతాబ్దంలో డచ్చివారు వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. వారి సమాధులు నేటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఆ పాత పట్టణపు వీధుల్లో, దీపస్తంభం పక్కన, నదీ ముఖద్వారం దగ్గర సాయంత్రం నడవడానికి తగినంత సమయం ఉంచుకోవాలి.

భీమిలి నుంచి విశాఖకు తీరం వెంట సాగే సుమారు 25 కిలోమీటర్ల రోడ్డు ఈ ప్రయాణానికి తగిన కొసరు. ఎర్రమట్టి దిబ్బలు, మంగమారిపేట దగ్గర సముద్రం మలిచిన సహజ శిలాతోరణం, తొట్లకొండ, బావికొండల మీది బౌద్ధారామాల శిథిలాలు, రుషికొండ వరుసగా వస్తాయి. ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా 2014లో గుర్తించారు. వేల సంవత్సరాలుగా గాలి, నీరు, సముద్ర మట్టంలోని మార్పులు కలిసి నిర్మించిన ఆ దిబ్బలు చేతితో నలిపితే రాలిపోయేటంత మెత్తనివి. వాటి అంచుల మీదకు ఎక్కడం, పేర్లు చెక్కడం పూర్తిగా మానుకోవాలి.

చలికాలపు దారి: లంబసింగి నుంచి రేవుపోలవరానికి

చింతపల్లి మండలంలోని లంబసింగి పేరు చలికి పర్యాయంగా మారింది. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపులకు పడిపోతుంది. చెరువులవేనం దగ్గర కొండ మీద నుంచి చూస్తే లోయ అంతా మేఘాలతో నిండి ఉంటుంది. తాజంగి జలాశయం మీద ఎండ ఎక్కే వరకు పొగమంచు కదలదు. అయితే ఈ వర్ణన అంతా సుమారు రెండున్నర నెలలకు మాత్రమే వర్తిస్తుందని స్పష్టంగా చెప్పడం నా బాధ్యత. మార్చి నుంచి మే వరకు అక్కడికి చలిని వెతుక్కుంటూ వెళ్లేవారు నిరాశపడతారు. సంక్రాంతి సెలవుల్లో, శని ఆదివారాల్లో వెళ్లేవారు చలి కంటే కార్ల వరుసలనే ఎక్కువగా చూస్తారు. వారం మధ్యలో వెళ్లగలిగితేనే ఈ దారిని ఎంచుకోవాలి.

లంబసింగి నుంచి నర్సీపట్నం సుమారు 30 కిలోమీటర్లే. ఘాట్ చిన్నది, త్వరగా ముగుస్తుంది. ఇది కొందరికి లోపం, మరికొందరికి వరం. మలుపుల వల్ల వాంతులు చేసుకునే పిల్లలు వెంట ఉన్నవారికి, ఘాట్‌లో నడపడం ఇంకా అలవాటు కానివారికి అనంతగిరి దారి కంటే ఇది తేలిక. కొండ మీద చూడవలసినవి కూడా అరకు అంత చెదిరిపోయి లేవు.

ఈ దారికి మరొక విలువ ఉంది. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం వీరులు 1922 ఆగస్టు 22న దాడి చేసి ఆయుధాలు తీసుకున్నది చింతపల్లి పోలీస్ స్టేషన్ నుంచే. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి జరిగింది. 1924 మే 7న ఆయన కొయ్యూరు ప్రాంతంలో ప్రాణాలు అర్పించారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. నర్సీపట్నం వైపు దిగిన తరువాత కొంత దూరం పక్కకు వెళ్లి ఆ స్మారకాన్ని దర్శించడం, ఆ మూడు స్టేషన్ల మధ్య దూరాన్ని, అడవిని, ఎత్తుపల్లాలను కళ్లారా చూసిన తరువాత జరిగితే, పాఠ్యపుస్తకంలో చదివిన పోరాటం వేరే స్థాయిలో అర్థమవుతుంది. బడి పిల్లలున్న కుటుంబాలకు ఈ ఒక్క కారణంతోనే నేను ఈ దారిని సూచిస్తాను.

నర్సీపట్నం నుంచి అడ్డరోడ్డు కూడలి మీదుగా ఏటికొప్పాక చేరవచ్చు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రను చిన్న యంత్రం మీద తిప్పుతూ, సహజ రంగులు కలిపిన లక్కను అద్ది బొమ్మలు తయారుచేస్తారు. కొనాలనుకునేవారు తయారీదారుల దగ్గరే కొంటే డబ్బు నేరుగా వారికి చేరుతుంది, పని కూడా చూడవచ్చు. అక్కడి నుంచి రేవుపోలవరం తీరం దూరం కాదు. రాళ్ల గుట్ట, విశాలమైన ఇసుక, మత్స్యకారుల పడవలు తప్ప నగరపు హంగులు లేని తీరమది. ఆ నిరాడంబరతే దాని అందం. కానీ రాత్రి బసకు, మంచి భోజనానికి ఏర్పాట్లు తక్కువ కనుక సాయంత్రం వరకు గడిపి అనకాపల్లికో విశాఖకో చేరుకోవడం సముచితం. సముద్రపు ఒడ్డున బస చేయడమే ముఖ్యమనుకునేవారికి భీమిలి దారి మెరుగు.

ఈ మార్గంలో గంజాయి రవాణాను అరికట్టడానికి పోలీసు తనిఖీలు తరచుగా జరుగుతాయి. వాహన పత్రాలు, గుర్తింపు కార్డులు చేతికందేలా ఉంచుకోవాలి. దారిలో ఎవరైనా ఫలానా చోట అందజేయమని ఇచ్చే సంచులను ఎట్టి పరిస్థితుల్లోను తీసుకోకూడదు. అపరిచితులను ఎక్కించుకోకపోవడం మంచిది.

అడవి దారి: మారేడుమిల్లి నుంచి ఉప్పాడకు

హైదరాబాదు, ఖమ్మం, భద్రాచలం వైపు నుంచి బయలుదేరేవారికి ఈ మూడవ దారి సహజమైన ఎంపిక. భద్రాచలం నుంచి చింతూరు చేరి, అక్కడ శబరి నదిని చూసి, మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే, తక్కిన రెండు దారుల్లో కనిపించనంత దట్టమైన అడవి మొదలవుతుంది. ఇక్కడ కాఫీ తోటల పొందిక లేదు, మేఘాల మీద నిలబడే ఎత్తు కూడా సాధారణంగా లేదు. వెదురు పొదలు, వాగులు, రాతి పడకల మీద పారే నీరు, చెట్ల గుబురులో మలుపు తిరిగే రోడ్డు ఉన్నాయి. జలతరంగిణి, అమృతధార జలపాతాలు సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు నిండుగా ఉంటాయి. వేసవిలో చాలావరకు సన్నగిల్లుతాయి. మేఘాలు కావాలనుకునేవారు గుడిసె కొండకు తెల్లవారకముందే బయలుదేరాలి. ఆ దారి కఠినమైనది కనుక సొంత కారు కంటే మారేడుమిల్లిలో దొరికే జీపులు మేలు, వెళ్లే ముందు అటవీ శాఖ నిబంధనలు విచారించాలి.

బొంగు చికెన్ ఈ దారికి ప్రసిద్ధి. మసాలా పట్టించిన మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో మూసి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె వేయకుండానే బొంగులోని తేమతో మాంసం ఉడుకుతుంది. తినే చోటు ఎంచుకునేటప్పుడు కళ్ల ముందు బొంగు కాలుస్తున్న దుకాణాన్నే ఎంచుకోవాలి. ముందుగా చెప్పి, సమీపంలోని వాగు చూసి వచ్చేసరికి సిద్ధమవుతుంది.

రంపచోడవరం దాటి గోకవరం చేరేసరికి అడవి పలచబడి, జీడిమామిడి తోటలు, తరువాత వరి చేలు వస్తాయి. గోకవరం నుంచి జగ్గంపేట, పెద్దాపురం, సామర్లకోట మీదుగా కాకినాడ వెళితే రాజమహేంద్రవరం రద్దీ తప్పుతుంది. సామర్లకోటలోని భీమేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి, దాని రెండంతస్తుల నిర్మాణం చూడదగినది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడిస్తే, గోదావరి, సముద్రం కలిసే చోట నేల ఎలా ఏర్పడుతుందో తెలుస్తుంది. ఉప్పాడ జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. మగ్గం మీద ఒక చీర పూర్తి కావడానికి పట్టే కాలాన్ని చూసిన తరువాత దాని ధర ఎక్కువని ఎవరూ అనుకోరు.

ఉప్పాడ తీరం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అక్కడ సముద్రం దశాబ్దాలుగా ఒడ్డును కోస్తూ ఉంది. కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు తుపానులప్పుడు పదేపదే దెబ్బతింటుంది, అలలు రోడ్డు మీదికి వస్తాయి. కెరటాలు ఎగసిపడుతున్నప్పుడు ఆ రోడ్డు మీద ఆగి ఫొటోలు తీసుకోవడం ప్రమాదం. తీరపు సౌందర్యాన్ని మాత్రమే కొలమానంగా తీసుకుంటే ఈ దారి మూడింటిలో చివరిది. అడవిని కొలమానంగా తీసుకుంటే మొదటిది.

ఎవరు ఏది ఎంచుకోవాలి

మొదటిసారి వెళ్లేవారు, వృద్ధులతోను చిన్నపిల్లలతోను కలిసి వెళ్లేవారు, సముద్రపు ఒడ్డున సౌకర్యంగా బస చేయాలనుకునేవారు సందేహం లేకుండా అరకు–భీమిలి దారిని ఎంచుకోవచ్చు. హోటళ్లు, బంకులు, ఆసుపత్రులు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఆ దారిలోనే. అరకు ఇదివరకే చూసినవారు, చలికాలంలో వారం మధ్య సెలవు దొరికినవారు, చరిత్ర మీద మక్కువ ఉన్నవారు లంబసింగి వైపు వెళ్లాలి. తెలంగాణ నుంచి రెండు రాత్రుల సమయంతో వచ్చేవారికి, జనసందడి కంటే అడవి నిశ్శబ్దాన్ని కోరుకునేవారికి, ఘాట్ నడపడంలో అనుభవమున్నవారికి మారేడుమిల్లి తగినది.

మూడింటినీ కలపాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఇ జాతీయ రహదారి ఈ మూడు ప్రాంతాలను కలుపుతుంది. కొత్తగా విస్తరించిన భాగాల మీద ప్రయాణం సాఫీగా ఉంటుంది. పనులు సాగుతున్న చోట వేగం ఆశించకూడదు. కనీసం నాలుగు రోజులు లేనిదే ఈ కలయికకు పూనుకోవద్దు. రెండు రోజుల్లో ముగించినవారు కారు కిటికీని తప్ప మరి దేనినీ చూడలేరు. సమయం ఉంటే మాత్రం పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కి, చీకటిలో నడిచి, మేఘాల మీద సూర్యోదయం చూసి అరకు వైపు సాగవచ్చు.

నెలల సంగతి కూడా ఎంపికను మారుస్తుంది. జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు కొండలు అత్యంత పచ్చగా ఉంటాయి, ఘాట్ రోడ్ల మీద మట్టిపెళ్లలు, చెట్లు విరిగిపడే ప్రమాదమూ అప్పుడే ఎక్కువ. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని, అరకు కాఫీ తోటల నీడ చెట్లను ఒకే రోజున ధ్వంసం చేసిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. వాతావరణ శాఖ అల్పపీడన హెచ్చరిక ఇస్తే ఏ దారికైనా వాయిదా ఒక్కటే సమాధానం.

దిగుడులో పాటించవలసినవి

మూడు దారులకూ వర్తించే నియమం ఒకటి: ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమో దిగేటప్పుడు ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు అదేపనిగా ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఇంధనం ఆదా అవుతుందన్న భ్రమతో న్యూట్రల్‌లో దిగడం ప్రాణాంతకం. ఆటోమేటిక్ కారు నడిపేవారు తక్కువ గేరులో నిలిపే విధానాన్ని మైదానంలోనే నేర్చుకుని రావాలి. ఎదురుగా ఎక్కివచ్చే వాహనానికి దారి ఇవ్వాలి, కనబడని మలుపులో హారన్ కొట్టాలి, మంచులో హైబీమ్ వాడకూడదు, ఎందుకంటే ఆ వెలుగు మంచు మీద పడి తిరిగి డ్రైవరు కళ్లనే కప్పుతుంది. చీకటి పడిన తరువాత ఏ ఘాట్‌నూ, ముఖ్యంగా మారేడుమిల్లి–చింతూరు ఘాట్‌ను, దాటే ప్రయత్నం చేయవద్దు. ఫోన్ సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి కనుక మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఎప్పటికి ఎక్కడ ఉంటారో ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరాలి.

సమయ ప్రణాళికలో చాలామంది ఒక విషయం గమనించరు. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలో అస్తమించడు, వెనుక మనం దిగివచ్చిన కొండల వైపు దిగిపోతాడు. సూర్యాస్తమయానికి తీరం చేరాలన్న తొందరతో ఘాట్‌లో వేగం పెంచడం అర్థం లేని పని. ఉదయం మేఘాలను తనివితీరా చూసి, పది గంటలకు దిగడం మొదలుపెట్టి, మైదానంలో భోజనం చేసి, నాలుగు, అయిదు గంటల మధ్య తీరం చేరితే చాలు. మరునాడు తెల్లవారుజామున సముద్రం మీద సూర్యోదయం చూడడానికి లేవాలి కాబట్టి ఆ రాత్రి తీరంలోనే బస ఉండేలా గదిని ముందుగా తీసుకోవాలి. స్నానానికి దిగేవారు మాత్రం ప్రాణరక్షకులున్న చోటనే దిగాలి. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ తీరంలో అందుకు ఏర్పాట్లున్నాయి. రేవుపోలవరం వంటి ఏకాంత తీరాల్లో నీరు ఎంత ప్రశాంతంగా కనిపించినా అడుగున లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. అక్కడ పాదాలు తడుపుకోవడంతో ఆగి, లోతు గురించి ఒడ్డున వలలు బాగుచేసుకునే మత్స్యకారులను అడిగి, వారు వద్దన్న చోటికి వెళ్లకుండా ఉండాలి.